క్లాసులో పెద్ద స్క్రీన్ వచ్చింది.. మరి మన పిల్లలు నోరు తెరుస్తున్నారా?

నరసరావుపేట అయినా, మాచర్ల అయినా, గురజాల అయినా.. చాలా ప్రభుత్వ హైస్కూళ్లలో ఇప్పుడు క్లాసు గోడకి ఓ పెద్ద టచ్ స్క్రీన్ కనిపిస్తుంది. దాన్ని ఐఎఫ్‌పీ అంటున్నారు, అంటే ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్. నాడు-నేడు పనులు జరిగిన స్కూళ్లకి వచ్చాయి ఇవి. చిన్న క్లాసులకి స్మార్ట్ టీవీలు ఇచ్చారు. 2022 డిసెంబర్ 21న 8వ తరగతి పిల్లలకి, వాళ్ల టీచర్లకి ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. 2023 డిసెంబర్‌లో తర్వాతి బ్యాచ్‌కీ ఇచ్చారు. వాటిలో పాఠాలు బైజూస్‌వి. ఆ కంపెనీయే 2024లో దివాలా కేసులో చిక్కుకుంది, అది వేరే కథ.

బీకాం చదివినందుకో ఏమో, ఖర్చు కనిపిస్తే రాబడి ఏంటని అడగడం నాకు అలవాటు. సార్ వీడియో పెట్టారు, పిల్లలు చూశారు, బెల్ కొట్టారు. ఇంతే అయితే అది కరెంటుతో నడిచే నల్లబల్ల. విద్యార్థి కేంద్రంగా బోధన అని ట్రైనింగుల్లో చెప్పేది వేరు. సార్ ఎంత చెప్పారన్నది కాదు, ఏ పిల్లకి ఎంత అర్థమైందో చూసుకుని దాన్నిబట్టి పాఠం ముందుకో వెనక్కో జరగాలి. స్క్రీన్ ఆ పనికి సాయం చేస్తోందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మన ఇళ్లలో ఈ ప్రశ్న ఇంకా గట్టిది. పిల్లాడు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడతాడు. స్కూల్ పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. భిన్నాల పాఠమే తీసుకోండి. ఇంగ్లీషులో న్యూమరేటర్, డినామినేటర్. తెలుగులో లవం, హారం. ఉర్దూ మీడియం పుస్తకంలో షుమార్ కునిందా, నసబ్ నుమా. మూడు భాషల్లోనూ ఇవి ఇంట్లో ఎవరూ వాడని మాటలే! అదే పిల్లాడిని కిరాణా కొట్టుకి పంపండి. పావుకిలో అంటే తెలుసు, ముప్పావు తెలుసు. దాదీ సవా, డేఢ్, ఢాయీ అంటే ఒకటింబావు, ఒకటిన్నర, రెండున్నర అని టక్కున చెప్తాడు. భిన్నాలు వాడికి వచ్చు. క్లాసులో వాడే పేర్లే రావు.

ఇప్పుడు స్క్రీన్ మీద ఒక ప్రశ్న పెట్టారనుకుందాం. 1/4, 1/8.. ఏది పెద్దది? 4 కన్నా 8 పెద్దది కాబట్టి 1/8 అనే పిల్లలు చాలామంది ఉంటారు. టీచర్ వెంటనే జవాబు చెప్పకూడదు. ఎవరు ఏది అనుకుంటున్నారో వేళ్లు చూపించమనాలి. తర్వాత పక్కవాడితో రెండు నిమిషాలు మాట్లాడుకోమనాలి, ఏ భాషలో అయినా సరే. పావుకిలో పెద్దదా, అరపావు పెద్దదా అని ఒకడు ఉర్దూలో అడిగాడంటే చాలు, ఆ బెంచీ మీద లెక్క తేలిపోతుంది. మళ్లీ వేళ్లు చూపించమంటే చాలా చేతులు మారతాయి. ఈ పద్ధతి కొత్తదేం కాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1991లోనే తన క్లాసులో ఇలా చేయడం మొదలుపెట్టారు.

వేళ్లు చూపిస్తే పక్కవాడిని చూసి ఎత్తేస్తారు అంటారా? నిజమే. దానికి ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది. ప్రతి పిల్లకి ఒక కాగితం కార్డు ఇస్తారు. కార్డుని ఏ వైపు తిప్పి పట్టుకుంటే ఆ జవాబు. టీచర్ తన ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒకసారి తిప్పితే ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది తెలిసిపోతుంది. ఒక్క ఫోన్ చాలు. వెనక బెంచీలో నోరు తెరవని అమ్మాయి జవాబు కూడా లెక్కలోకి వస్తుంది. నాకు ఇదే పెద్ద విషయం అనిపిస్తుంది.

పరికరం పంచితే చదువు దానంతట అదే రాదు. పెరూ దేశం పిల్లలకి ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో వచ్చిన అధ్యయనంలో లెక్కల్లో, భాషలో మార్పేమీ కనిపించలేదు. ఢిల్లీలో వేరేలా జరిగింది. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. అక్కడ 6వ తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ముందు పిల్లాడు ఎక్కడ ఆగాడో కనిపెట్టి అక్కడి నుంచే మొదలుపెట్టింది. నాలుగున్నర నెలల్లో లెక్కలు, హిందీ రెండింట్లో బాగా ముందుకొచ్చారు. ఇంకోటి గమనించాలి. రోజూ సగం సమయం సాఫ్ట్‌వేర్, మిగతా సగం ఒక మనిషి చిన్న గుంపుకి చెప్పడం. మనిషిని తీసేసి చేసింది కాదు.

ఇంటి సంగతి. ఒకే ఫోన్ ఉన్న ఇల్లు అయితే అది అబ్బాతో పాటు నాపరాళ్ల పనికో, మెకానిక్ షెడ్డుకో వెళ్లిపోతుంది. సాయంత్రం తిరిగొచ్చాక అరగంట పిల్లలకి ఇస్తే చాలు. గూగుల్ రీడ్ అలాంగ్ యాప్‌లో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కథలున్నాయి. పిల్ల చదువుతుంటే అది విని తప్పు దిద్దుతుంది. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ని దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు వస్తాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉర్దూలోనూ ఆన్‌లైన్‌లో ఉచితం. ఆ అరగంట కొడుక్కి మాత్రమే ఇచ్చి, కూతురికి ఫోన్ ఎందుకులే అనుకునే ఇళ్లూ ఉన్నాయి. లెక్కలు ఇద్దరికీ ఒకటే కదా.

2024 డిసెంబర్ 7న, మళ్లీ 2025 జులై 10న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లు జరిగాయి. ఈసారి మీటింగ్‌కి కూలి పోయినా సరే అమ్మీ, అబ్బా ఇద్దరూ వెళ్లండి. మార్కులెన్ని అని అడిగి వచ్చేయకండి. మావాడు ఏ పాఠం దగ్గర ఆగిపోయాడు, ఆ సంగతి మీకు ఎలా తెలిసింది సార్ అని అడగండి. స్క్రీన్ దగ్గరికి పిల్లలు వచ్చి లెక్క చేస్తారా, వారంలో ఎన్నిసార్లు అని కూడా అడగండి. మీకు తెలుగు కష్టమైతే మీ పిల్లనే పక్కన పెట్టుకుని మాట్లాడించండి.