పోకల దీవి అంగళ్లలో

సంతను చూచినవాడు ఊరిని చూచినట్లే అని నా నమ్మకము. కోటలును గోపురములును ఒక దేశపు గతవైభవమును చెప్పును. ఆ దేశపు మనుష్యులు నేడు ఏమి తినుచున్నారో, ఏమి కట్టుచున్నారో, ఒకరినొకరు ఏమని పిలుచుకొనుచున్నారో తెలియవలెనన్న అంగడివీథిలో అడుగుపెట్టవలెను. మొన్నటి దసరా సెలవులలో నేనును నా భార్యయు నాలుగు దినములు మలేషియాలోని పినాంగు దీవిలో గడపితిమి. కొండలు చూచితిమి, గుడులు చూచితిమి. కాని మనస్సులో నిలిచినవి అంగళ్లు. ఆ అంగళ్లలోను సరకులకంటె సరకుల పేర్లు. తెలుగు చెప్పుకొని బ్రదుకువాడు ఎక్కడికి పోయినను మాటలే ఏరుకొనును గదా! అట్లు ఏరుకొన్న మాటలలో ఒకటి నాకు గర్వము కలిగించినది. మరియొకటి సిగ్గు కలిగించినది. ఆ రెండింటి కథయే ఈ వ్యాసము.

మలయుభాషలో 'పులావ్' అనగా దీవి, 'పినాంగ్' అనగా పోక. కనుక పులావ్ పినాంగ్ అనునది మన నుడిలో పోకల దీవి. మలయా ద్వీపకల్పమునకు పడమటి తీరమున, మలక్కా జలసంధికి ఉత్తరపు మొగదలలో ఇది ఉన్నది. 1786లో ఫ్రాన్సిస్ లైట్ అను ఆంగ్లేయుడు ఈస్టిండియా కంపెనీ పక్షమున దీనిని స్వాధీనపరచుకొని జార్జిటౌను పట్టణమునకు పునాది వేసెను. దట్టమైన అడవిని నరుకుటకు కూలీలు వెనుకాడగా, అతడు ఫిరంగిలో వెండి నాణెములు కూరి అడవిలోనికి పేల్పించెననియు, వానిని ఏరుకొనుటకై జనులు పొదలు నరికిరనియు ఒక కథ వాడుకలో ఉన్నది. కథ నిజమైనను కాకున్నను, ఆ పట్టణము వర్తకము కొరకే పుట్టినదనుట నిజము. సుంకము లేని రేవు అగుటచే చీనీయులు, అరబ్బులు, ఆర్మీనియనులు, గుజరాతీలు, తమిళులు వచ్చి చేరిరి. 2008లో యునెస్కోవారు జార్జిటౌనును మలక్కా పట్టణముతోపాటు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి.

ఆ పట్టణమున ఒక వీథి కలదు. పూర్వపు పేరు పిట్ స్ట్రీటు. ఇప్పటి పేరు కపితాన్ కెలింగ్ మసీదు వీథి. కొద్ది నిమిషముల నడకలో 1818 నాటి క్రైస్తవ ప్రార్థనామందిరము, చీనీయుల కరుణాదేవి కోవెల, 1833 నాటి మారియమ్మ గుడి, 1801లో దక్షిణ భారత మహమ్మదీయ వర్తకులు నెలకొల్పిన మసీదు కనిపించును. గుడిగంట విన్న చెవికే బాంగు కూడ వినవచ్చును. మసీదు పేరులోని 'కెలింగ్' అను మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. మరల దాని కడకు వత్తుము.

చౌరస్తాలో జాజికాయ

మరునాటి ఉదయమున పినాంగు రోడ్డుమీది చౌరస్తా బజారునకు పోయితిమి. ఆ పేరు వినగానే హైదరాబాదులోనో వరంగల్లులోనో బస్సు దిగినట్లు తోచినది. నాలుగు దారుల కూడలి అను అర్థము గల ఆ హిందూస్థానీ మాట సముద్రము దాటి అచ్చట ఒక అంగడికి పేరై కూర్చున్నది. 1890 నాటి బజారు అది. కట్టడము మాత్రము తరువాత మారినది. చేపలు, కూరలు, ఊరవేసిన పండ్లు ఒకవైపు. పాతపుస్తకముల కొట్లు మరియొకవైపు. చేపల వాసనయు, పాతకాగితపు వాసనయు కలిసిన చోటు ప్రపంచమున మరియెక్కడ నున్నదో నేనెఱుగను.

ఊరవేసిన పండ్లలో జాజికాయను చూచి నా భార్య ఆశ్చర్యపడెను. మనకు జాజికాయ అనగా తాంబూలములో వేసికొను గట్టి గింజ. జాపత్రి అనగా దానిని అంటియుండు ఎఱ్ఱని తొడుగు. ఆ రెండింటిని కప్పియుండు దళసరి కండను మనము సాధారణముగా చూడము. పినాంగువారు ఆ కండను తరిగి, చక్కెర వేసి ఊరబెట్టి, కొంత తడిగాను కొంత ఎండించియు అమ్ముదురు. నోట వేసికొన్నచో మొదట తీపి, పిదప పులుపు, చివరకు ముక్కునకెక్కు ఘాటు. దాని పేరు 'బువా పాలా'. 'బువా' అనగా పండు. 'పాలా' మన సంస్కృత 'ఫల' శబ్దమునుండి వచ్చినదే అని నిఘంటుకారుల మాట.

వెల తెలియవలెనన్న 'బరాపా హర్గా?' అని అడుగవలెను. ఆ 'హర్గా' సంస్కృతమునందలి 'అర్ఘ'మే. అర్ఘమనగా వెల. వెలగల వస్తువును మనము 'మహార్ఘము' అనుట దీనివలననే. ఈ సంగతిని అంగడి నడుమనే నిలిచి నా భార్యకు వివరింప మొదలిడితిని.

"ఏమండీ, ఆ అర్ఘం సంగతి బసకు వెళ్ళాక చెప్పుదురు గాని, ముందు ఈ సంచి పట్టుకోండి. ఆయన ధర తగ్గించేటట్టున్నాడు," అని ఆమె నా ఉపన్యాసమును ఆపివేసెను.

సంచి పట్టుకొంటిని గాని చెవులు ఊరకుండలేదు. చక్కెర 'గూలా', అది గుడము. ప్రత్తి 'కాపాస్', అది కార్పాసము. గింజ 'బీజీ', అది బీజము. రుచి 'రాసా', అది రసము. రంజాను నెల ఉపవాసమునకు వారి పేరు 'పువాసా'. 'ఉపవాస' శబ్దమే తల కొంచెము తెగి నిలిచినది. పాతపుస్తకములలో ఒక పాఠ్యగ్రంథమును తెఱచితిని. 'భాష' 'బహాసా'యైనది, 'నామము' 'నామా'యైనది. 'గురు' మాత్రము ఏ మార్పును లేక గురువుగానే ఉన్నాడు. ఉపాధ్యాయులైన పాఠకులకు ఇది సంతోషము కలిగింపగలదు.

దీనినిబట్టి మలయుభాష మనదని విర్రవీగుట తప్పు. దాని వ్యాకరణము వేరు, దాని పుట్టుక వేరు. సముద్రతీరమున నివసించువారు ఒకరి మాటలు ఒకరు అప్పు తీసికొందురు. అది తీర్చనక్కరలేని అప్పు.

గిడ్డంగి ప్రయాణము

సాయంకాలము రేవువైపు నడిచితిమి. నీటిపై కొయ్యగుంజలు నాటి కట్టుకొన్న చీనీయుల ఇండ్ల వరుసలు అచ్చట ఉన్నవి. ఒక్కొక్క వరుస ఒక్కొక్క వంశమువారిది. వాని దాపున పాతకాలపు సరకుల కొట్లు. అట్టి కట్టడమును మలయుభాషలో 'గుదాంగ్' అందురు. ఆ మాట విని నేను ఆగిపోయితిని.

అది మన 'గిడ్డంగి'యే. తమిళమున 'కిడంగు'; పడియుండుట అను అర్థము గల ధాతువునుండి పుట్టినది. సరకు పడియుండు చోటు గిడ్డంగి. మన తీరపు వర్తకులవెంట ఆ మాట తూర్పుసముద్రమునకు పోయి మలయులో 'గుదాంగ్' అయినదని పలువురు భాషావేత్తల అభిప్రాయము. అచ్చట పోర్చుగీసువారును ఆంగ్లేయులును దానిని చేపట్టిరి. ఆంగ్లమున 'గోడౌన్' అయినది. ఆంగ్లేయులు దానిని మరల మన రేవులకు తెచ్చి అప్పగించిరి. పుట్టినింటినుండి పోయిన బిడ్డ పరదేశపు వేషముతో తిరిగివచ్చినచో తల్లి గుర్తింపలేకపోయినట్లు, మనము 'గోడౌను' ఆంగ్లపదమనుకొని వాడుకొనుచున్నాము. గిడ్డంగి ఇంకను బ్రదికియే ఉన్నది. కాని పత్రికలలోను, ప్రభుత్వపు కాగితములలోను మాత్రమే.

ఒక మాట ఇంతదూరము పోవలెనన్న ఎన్ని ఓడలు పోయియుండవలెను! క్రీ.శ. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము నాకు జ్ఞప్తికి వచ్చినది. పూర్వపు రాజులు తుపానుపాలై ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును బలాత్కారముగా లాగికొనెడివారనియు, తాను నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గైకొననియు ఆ రాజు పరదేశి వర్తకులకు మాట ఇచ్చెను. అంగడి నిలువవలెనన్న మొదట కావలసినది నమ్మకమని ఆయనకు తెలియును. ఆనాడు రేవుచెంత నిలిచి నేను అనుభవించిన గర్వము ఇంతంత కాదు.

మూర మల్లెలు

రాత్రి భోజనమునకు 'నాసి కాందార్' అను అన్నము దొరకు అంగడికి పోయితిమి. 'నాసి' అనగా అన్నము, 'కాందార్' అనగా భుజముపై మోయు కావడి. పూర్వము తమిళ మహమ్మదీయులు ఒకవైపు అన్నపుకుండయు, ఒకవైపు కూరలకుండయు కావడి కట్టుకొని రేవుకూలీలకు అమ్మెడివారు. ఇప్పుడు కావడి పోయి బల్లలును కుర్చీలును వచ్చినవి; పేరు మిగిలినది.

అచ్చటినుండి భారతీయుల అంగడివీథికి వచ్చితిమి. చీరల దుకాణములు, మిఠాయిలు, సినిమా పాటలు, సాంబ్రాణి పొగ. ఒక మూల డెబ్బది ఏండ్లు దాటిన వృద్ధురాలు పూలదండలు కట్టుచున్నది. మా ఇరువురి మాటలు విని ఆమె తలయెత్తెను.

"తెలుగోరా బాబూ? ఏ ఊరు మీది?"

ఆ ప్రశ్న ఆమె నోట విని మా ఇద్దరికిని కన్నులు చెమర్చినవి. ఆమె తాత చికాకోలు సీమనుండి రబ్బరుతోటల కూలీగా వచ్చెనట. 'సికాకోలు' అనుటయే గాని ఆ ఊరిని ఆమె కన్నులార చూచి ఎఱుగదు. ఆమె తెలుగులో సగము అరవము, సగము మలయు. లెక్క పెట్టునపుడు పూర్తిగా మలయు. కొడుకులకు తెలుగు అర్థమగునట. మనుమలకు అదియు లేదట.

ఆమెకు సంతోషము కలిగింతమను తలంపుతో నేను నా పాండిత్యమును విప్పితిని. "అమ్మా, ఆ మసీదు పేరులో కెలింగ్ అన్న మాట ఉన్నది చూశారా? అది కళింగమే. అంటే మీ తాతగారి సీమే. మన కళింగపట్నం, ముఖలింగం ఉన్న దేశం. ఒకప్పుడు ఎంతో గొప్ప పేరు అది," అంటిని.

ఆమె చేతిలోని దారము ఆగిపోయినది.

"ఆ మాట అనకండి బాబూ. బడిలో పిల్లలు ఆ మాటతోటే మమ్మల్ని ఏడిపించేవోరు. మీ పుస్తకాల్లో మంచి మాటే అయ్యుంటాది. మా చెవికి మాత్రం అది రాయి."

నేను బదులు చెప్పలేకపోయితిని.

మాటకు తగిలిన దెబ్బ

నేను చెప్పినది అసత్యము కాదు. 'సెజారా మెలాయు' అను ప్రాచీన మలయు చరిత్రగ్రంథమున కెలింగ్ దేశము గొప్ప రాజులేలిన సంపన్నదేశముగా కనిపించును. కళింగతీరపు నావికులనుబట్టి దక్షిణ భారతీయులందరికిని ఆ పేరు వచ్చినది. కాని పిదప కాలము మారినది. పదునెనిమిదవ శతాబ్ది చివరినుండి కంపెనీవారు మనదేశపు ఖైదీలను ఓడలలో అచ్చటికి తెచ్చిరి. తరువాత తోటలకు కూలీలు వచ్చిరి. ఓడ యజమానికి గౌరవముగానున్న పేరు కూలీకి పరిహాసమైనది. నేడు మలేషియాలో ఒకనిని ఆ పేరుతో పిలుచుట తిట్టుటయే. బర్మాలోను ఇట్లే జరిగినది. రంగము పోయిన మన కూలీలకు కోరంగి రేవునుబట్టి 'కోరంగి'లని పేరు వచ్చి, అది చులకన మాటయైనది.

తరగతిగదిలో దీనిని 'అర్థాపకర్ష' అందుము. వేదము నేర్చినవాడు 'ఛాందసుడు'. నేడు ఆ మాటకు మూర్ఖపు పట్టుదలగలవాడని అర్థము. ఏ వాసనయైనను ఒకప్పుడు 'కంపు'. నేడు దుర్వాసన మాత్రమే కంపు. ఈ రెండు ఉదాహరణములను ఎన్ని ఏండ్లనుండి నల్లబల్లపై వ్రాయుచున్నానో! విద్యార్థులు వ్రాసికొందురు, పరీక్షలో మార్కులు తెచ్చుకొందురు. అర్థాపకర్ష ఒక మనుష్యుని ముఖమున ఎట్లుండునో నేను ఆ రాత్రివరకు చూచియుండలేదు.

మూలము తెలిసినంత మాత్రమున మాట నిర్దోషమైపోదు. మాట ఎచ్చట పుట్టినదో నిఘంటువు చెప్పును. ఎవరికి తగిలినదో తగిలినవారే చెప్పవలెను. ఉపాధ్యాయుడు రెండింటిని చెప్పినప్పుడే పాఠము పూర్తియగును.

బసకు పోవుచు మరియొక సంగతి తలచుకొని సిగ్గుపడితిని. మనము తమిళులను 'అరవవారు' అందుము. అది అరువనాడు అను ప్రాంతపు పేరునుండి వచ్చినదని కొందరు పండితులు చెప్పుదురు. అనగా అదియు దేశనామమే. కాని 'అరవగోల' అని నవ్వునపుడు మనకు ఆ దేశనామము జ్ఞప్తికి వచ్చుచున్నదా? ఈ వ్యాసములోనే ఆ వృద్ధురాలి మాటలను వర్ణించుచు 'అరవము' అని వ్రాసితిని. కొట్టివేయదలచి, పాఠకులకు తెలియుటకై అట్లే ఉంచితిని.

ఆమె కథ ఇంకను కొంచెమున్నది. నా భార్య రెండు మూరల మల్లెలు అడిగెను. ఆమె మోచేతితో రెండు మూరలు కొలిచి, దారము తెంపబోయి ఆగి, ఇంకొక జానెడు వదలి తెంపెను. దానికిని వెల పుచ్చుకొమ్మని నా భార్య బలవంతపెట్టెను. ఆమె తల అడ్డముగా ఊపి నవ్వెను.

"వద్దమ్మా. ఇది కొసరు."

మూడు తరముల క్రిందట ఓడ ఎక్కిన మాట, మలయు అంకెల నడుమ, చెక్కుచెదరక నిలిచియున్నది. ఆ మాటకు మూలమేమో నేను ఆమెకు చెప్పలేదు.