దైవఋణం, మానవఋణం : యూదు మతదృష్టి

యూదు మతం పేరులోనే కృతజ్ఞత ఇమిడి ఉంది. లేయా అనే తల్లి తన నాలుగవ కుమారుడు పుట్టినప్పుడు దేవుని స్తుతించి, ఆ శిశువుకు యూదా అని పేరు పెట్టిందని ఆదికాండం చెబుతుంది. హీబ్రూ భాషలో ఆ పేరుకు మూలమైన ధాతువుకు స్తుతించడం, కృతజ్ఞత తెలపడం అని అర్థం. ఆ పేరే కాలక్రమాన ఒక జాతికీ, ఒక మతానికీ పేరయింది.

నిష్ఠగల యూదుడు నిద్ర లేవగానే పలికే తొలి వాక్యం కృతజ్ఞతావాక్యమే. రొట్టె విరిచే ముందు ఒక స్తోత్రం, భోజనానంతరం మరికొన్ని స్తోత్రాలు, పండు తిన్నా, సువాసన ఆఘ్రాణించినా, ఇంద్రధనుస్సును చూసినా ఒక్కొక్క స్తోత్రం. ఈ విధంగా దినానికి నూరు స్తోత్రాలు పలకవలెనని తాల్ముద్ అనే ప్రామాణిక గ్రంథం విధించింది. స్తోత్రం పలకకుండా ఈ లోకంలో దేనిని అనుభవించినా అది దైవద్రవ్యాన్ని అపహరించడంతో సమానమని కూడ ఆ గ్రంథం హెచ్చరించింది.

అయితే దైవకృపకు పాత్రుడనైనానన్న భావం వినయాన్ని పెంచవచ్చు, అహంకారాన్నీ పెంచవచ్చు. ‘నాకు భగవంతుడు ఇచ్చాడు, పొరుగువానికి ఇవ్వలేదు, అది ఆయన సంకల్పం’ అని తలచి, చేతులు జోడించిన మనిషే తన తలుపులు మూసుకోవచ్చు. ఈ ప్రమాదాన్ని యూదు ధర్మవేత్తలు బాగుగా ఎరిగినవారు.

రాజు, రాకుమారుడు

ఈ సమస్య తాల్ముద్‌లో ఒక సంవాదరూపంలో కనిపిస్తుంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో యూదయా దేశం రోమన్ల ఏలుబడిలో ఉన్నప్పుడు టర్నస్ రూఫస్ అనే రోమన్ అధికారి రబ్బీ అకీవా అనే పండితుని ప్రశ్నించాడట: మీ దేవుడు పేదలను ప్రేమించేవాడే అయితే వారిని తానే ఎందుకు పోషించడు? వారిని పోషించి మనం తరించాలనే అని అకీవా సమాధానం. అధికారి అంగీకరించలేదు. రాజు కోపించి ఒక సేవకుని చెరలో వేసి, అన్నపానాలు ఇవ్వరాదని ఆజ్ఞాపించాడనుకుందాం. ఎవరైనా వెళ్ళి వానికి అన్నం పెడితే రాజు ఆగ్రహించడా అని అడిగాడు.

అకీవా ఆ ఉపమానాన్నే మార్చి చెప్పాడు. చెరలో ఉన్నది సేవకుడు కాదు, రాజు కన్నకొడుకు. తండ్రి ఎంత కోపంలో ఉన్నా, ఆకలిగొన్న తన బిడ్డకు అన్నం పెట్టినవానికి కానుక పంపడా? దారిద్ర్యాన్ని దైవసంకల్పమని చెప్పి తప్పుకోవడానికి వీలులేదని దీని తాత్పర్యం.

పొలంలో పేదల వాటా

ప్రాచీన కాలంలో యూదులు ముఖ్యంగా వ్యవసాయదారులు. వారు తొలి ఫలాలను గంపలో పెట్టుకొని జెరూసలేం దేవాలయానికి వెళ్ళి, తమ పూర్వులు ఈజిప్టులో చేసిన దాస్యాన్నీ, దేవుడు వారిని విడిపించి ఈ నేలను అనుగ్రహించిన విధాన్నీ స్మరించి సమర్పించేవారు. ఈ విధిని చెప్పిన ద్వితీయోపదేశకాండమే, సొంత భూమి లేని లేవీయులకూ, తమ నడుమ నివసించే పరదేశులకూ ఆ సంతోషంలో పాలు ఉండాలని వెంటనే చెబుతుంది.

పంట కోసేటప్పుడు పొలం అంచుల వరకు కోయరాదు. రాలిన వెన్నులను ఏరరాదు. మరచిపోయిన పన కోసం వెనుకకు పోరాదు. అంచున నిలిచిన పైరు, పరిగె, మరచిన పన పేదలకూ, పరదేశులకూ, అనాథలకూ, వితంతువులకూ చెందుతాయి. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన ‘మిష్నా’ అనే ధర్మశాస్త్రం ఈ విషయానికి ఒక ప్రకరణాన్నే కేటాయించింది. అంచున విడిచే భాగం 60వ వంతుకు తగ్గరాదని నిర్ణయించింది. పరిగె ఏరుకోవడానికి ఒకరిని రానిచ్చి మరొకరిని అడ్డగించినా, వారిలో ఒకరికి మాత్రమే సాయపడినా ఆ రైతు పేదలను దోచుకున్నట్లేనని కూడ శాసించింది. ఆ గింజలు రైతు దయాధర్మం కావు, పేదల హక్కు.

ఆపద నుండి బయటపడినవాడు ఆలయంలో కృతజ్ఞతాబలిని, దానితోపాటు 40 రొట్టెలను సమర్పించేవాడు. అందులో 4 యాజకునికి పోగా, మిగిలిన 36 రొట్టెలనూ, మాంసాన్నీ ఆ దినం, ఆ రాత్రిలోనే ముగించాలి. అది ఒక కుటుంబం వల్ల అయ్యే పని కాదు. పదిమందిని పిలిచి, వారితో పంచుకొని, తాను పొందిన మేలును వారి ఎదుట చెప్పుకోవాలన్నదే ఈ నియమంలోని ఆంతర్యమని తరువాతి వ్యాఖ్యాతలు వివరించారు.

దానం కాదు, న్యాయం

క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని ధ్వంసం చేయడంతో బలులు నిలిచిపోయాయి. కాలక్రమాన యూదులు అనేక దేశాలలో పట్టణవాసులయ్యారు. పొలానికి చెప్పిన ధర్మం సంపాదనకు వర్తించింది. దానానికి వారు వాడే ‘సెదకా’ అనే మాటకు మూలార్థం న్యాయం. దానం పుచ్చుకొనే పేదవాడు సైతం తనకు లభించినదానిలో కొంత మరొకరికి ఇవ్వవలసిందే. అయితే దీనికీ మితం ఉంది. సంపాదనలో పదవ వంతు ఇవ్వడం మధ్యమ మార్గం. ఐదవ వంతు మించరాదు. ఇచ్చినవాడే రేపు చేయి చాచే స్థితి రాకూడదు కదా!

స్పెయిన్‌లో పుట్టి ఈజిప్టులో వైద్యుడుగా స్థిరపడిన మహాపండితుడు మైమోనిడీస్ (1138-1204) దానంలో ఎనిమిది మెట్లను నిరూపించాడు. అయిష్టంగా ఇవ్వడం అన్నిటికంటె క్రిందిది. ఇచ్చినవానికి పుచ్చుకొన్నవాడు, పుచ్చుకొన్నవానికి ఇచ్చినవాడు తెలియకుండా ఇవ్వడం ఏడవది. అప్పిచ్చి గాని, భాగస్వామిగా చేర్చుకొని గాని, పని చూపి గాని మనిషి మళ్ళీ యాచించనవసరం లేకుండా నిలబెట్టడం అత్యున్నతమైనది. పండుగనాడు తలుపులు బిగించుకొని, పేదలకు పెట్టకుండా తన ఆలుబిడ్డలతో మాత్రమే భుజించేవాని సంతోషం ధర్మసంతోషం కాదనీ, కేవలం ఉదరసంతోషమనీ ఆయన నిష్కర్షగా చెప్పాడు.

దేవుడు క్షమించని తప్పు

ఈ రెండు ఋణాల నడుమ ఉన్న సంబంధం యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినాన స్పష్టమవుతుంది. ఆనాడు యూదులు ఒక సాయంకాలం నుండి మరునాటి రాత్రి వరకు నిరాహారులై ప్రార్థనలో గడుపుతారు. కాని ఆ దినం దేవుని పట్ల చేసిన తప్పులకు మాత్రమే ప్రాయశ్చిత్తమనీ, తోటివానికి చేసిన అపకారం, వానిని స్వయంగా ప్రసన్నుని చేసుకొనే వరకు తీరదనీ మిష్నా చెబుతుంది. బాధితుడు క్షమించకపోతే ముగ్గురు మిత్రులను వెంటబెట్టుకొని మూడుసార్ల వరకు వెళ్ళి వేడుకోవాలని మైమోనిడీస్ వివరించాడు. మనిషికి తీర్చవలసిన బాకీని దేవునికి చెల్లించి తప్పించుకోవడం సాధ్యం కాదు. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టని ఉపవాసం ఉపవాసమే కాదని యెషయా ప్రవక్త గర్హించిన ఘట్టాన్ని ఆ ఉపవాస దినాననే ప్రార్థనామందిరాలలో చదువుతారు.

భారతదేశపు యూదులలో ఈ సంప్రదాయం మన నేలకు తగిన రూపం ధరించింది. కొంకణ తీరంలో శతాబ్దాలుగా నివసించి మరాఠీని మాతృభాష చేసుకొన్న బెనె ఇజ్రాయెల్ యూదులు, 1948 తరువాత పెక్కుమంది ఇజ్రాయెల్‌కు తరలిపోగా, కొన్ని వేలమంది ఇక్కడే ఉన్నారు. మొక్కు తీరినప్పుడు, పెండ్లి వంటి శుభకార్యాలలో వారు ‘మలీదా’ అనే వేడుక జరుపుతారు. నానబెట్టిన అటుకులలో కొబ్బరికోరు, చక్కెర కలిపి, పండ్లతో పళ్ళెంలో అమర్చి, ఏలీయా ప్రవక్తను స్మరిస్తూ దేవుని స్తుతిస్తారు. ఆపైన అక్కడ చేరినవారందరూ ఆ ప్రసాదాన్ని పంచుకుంటారు. ఆనాటి 40 రొట్టెల వలెనే ఈ అటుకుల పళ్ళెం కూడ ఒక్కరికోసం అమర్చినది కాదు.