మోటరు కాలకముందే మీటరు చూడండి

నాట్లు వేసిన మడికి నీళ్లు కావలసిన వేళకే బోరు మోటరు కాలుతుంది. పైపులు, కేబులు పైకి తీయాలి, మోటరును పటాన్‌చెరుకో సంగారెడ్డికో తీసుకుపోయి వైండింగు చేయించాలి, మళ్లీ దించాలి. ఆ ఖర్చు ఒక ఎత్తు, అన్ని రోజులు నీళ్లు లేక పైరు ఎండడం మరో ఎత్తు.

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. బిల్లు లేదు కనుక, పటాన్‌చెరు ఫ్యాక్టరీల వాళ్లు వేసే కరెంటు లెక్క పక్కనున్న కర్దనూర్ రైతుకు అవసరం లేదనిపించవచ్చు. కానీ ఉచితమైంది కరెంటు, కాలిన మోటరు కాదు. స్టార్టరు బోర్డు మీది వోల్టు మీటరు, ఆంపియరు మీటరు చూసి చిన్న లెక్క వేసుకుంటే ముప్పు ముందే తెలుస్తుంది.

మూడు మాటలు, రెండు లెక్కలు

వోల్టేజి అంటే కరెంటును తోసే ఒత్తిడి. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే నీటికి అంత ఒత్తిడి ఉన్నట్టే ఇదీ. వైరులో ఎంత కరెంటు పారుతోందో ఆంపియర్లు చెబుతాయి. ఆ పారకానికి వైరు పెట్టే అడ్డే రెసిస్టెన్స్. దీన్ని ఓములలో కొలుస్తారు. ఈ సూత్రాన్ని 1827లో ప్రకటించిన జర్మనీ శాస్త్రవేత్త జార్జ్ ఓమ్ పేరే దానికి పెట్టారు.

రెసిస్టెన్స్ = వోల్టులు ÷ ఆంపియర్లు
పవర్ (వాట్లు) = వోల్టులు × ఆంపియర్లు

ఇంట్లో నీళ్లు కాచే రాడ్ 230 వోల్టుల మీద 5 ఆంపియర్లు తీసుకుంటోందనుకోండి. దాని రెసిస్టెన్స్ 230 ÷ 5 = 46 ఓములు. పవర్ 230 × 5 = 1150 వాట్లు. వోల్టేజి 180కి పడిపోతే కరెంటు 180 ÷ 46, అంటే సుమారు 3.9 ఆంపియర్లే. పవర్ 700 వాట్లకు తగ్గుతుంది. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, రాడ్‌కు మాత్రం ఏమీ కాదు.

మోటరు దారి వేరు

కరెంటు సన్నగా వస్తే మోటరు కూడా సన్నగా నడుస్తదిలే అనుకోవద్దు. అదే పొరపాటు. నీళ్లను పైకి ఎత్తే బరువు తగ్గదు గనుక, వోల్టేజి తగ్గినకొద్దీ మోటరు కరెంటును ఎక్కువ లాగుతుంది. త్రీఫేజు మోటరుకు లెక్క ఇది:

పవర్ = 1.732 × వోల్టులు × ఆంపియర్లు × పవర్ ఫ్యాక్టర్

లైనులో పారే కరెంటంతా పనికి రాదు. పనికి వచ్చే వంతే పవర్ ఫ్యాక్టర్. పంపు మోటరుకు 0.8 అనుకుందాం. 5 హార్స్‌పవర్ మోటరు 415 వోల్టుల వద్ద 8.5 ఆంపియర్లు తీసుకుంటే పవర్ సుమారు 4,890 వాట్లు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు కనుక పంపును తిప్పేది 3,730 వాట్లే. మిగతాది ఎక్కువగా వేడిగా పోతుంది.

వోల్టేజి 340కి పడితే అదే పనికి సుమారు 10.4 ఆంపియర్లు కావాలి. వైండింగులో పుట్టే వేడి ఆంపియర్లను ఆంపియర్లతోనే గుణించినట్టు పెరుగుతుంది. 8.5 × 8.5 = 72, 10.4 × 10.4 = 108. అంటే వేడి ఒకటిన్నర రెట్లు. తీగ మీది పూత మాడి మోటరు కాలేది ఇందుకే.

కేబులు సన్నమైతే

2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులుకు 200 మీటర్లకు, ఒక్కో తీగకు సుమారు 1.6 ఓముల రెసిస్టెన్స్ ఉంటుంది. 8.5 ఆంపియర్లు పారితే ఒక్కో తీగలో 8.5 × 1.6 = 13.6 వోల్టులు పోతాయి. ఫేజుల మధ్య ఆ నష్టం 1.732 రెట్లు, అంటే 23 వోల్టుల పైనే. స్టార్టరు దగ్గర 360 ఉన్నా బోరు అడుగున మోటరుకు అందేది 340 లోపే. 4 చదరపు మిల్లీమీటర్ల కేబులైతే ఈ నష్టం దాదాపు 15 వోల్టులకు తగ్గుతుంది. లోతైన బోరుకు కేబులు కొనేటప్పుడు ధరతో పాటు ఈ లెక్కా చూసుకోండి.

రైతులు పాటించవలసినవి

* మోటరు మీది రేకుపై రాసిన ఆంపియర్లకే స్టార్టరులోని ఓవర్‌లోడు రిలేను పెట్టించండి. మాటిమాటికి ట్రిప్పవుతోందని దాన్ని పెంచితే మోటరుకే చేటు.
* వోల్టేజి 350 కన్నా తగ్గితే మోటరు వేయకండి.
* మూడు ఫేజుల్లో ఆంపియర్లు ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒక ఫేజు పోతే వెంటనే ఆపండి. దీనికి సింగిల్ ఫేజు ప్రివెంటరు పెట్టించుకోవడం మంచిది.
* ఆంపియర్లు మామూలు కన్నా బాగా తగ్గితే బోరులో నీళ్లు అయిపోతున్నాయేమో చూడండి.
* 5 హార్స్‌పవర్ మోటరుకు 2 కిలోవార్ల కెపాసిటరు పెట్టిస్తే లైను మీద, ట్రాన్స్‌ఫార్మరు మీద భారం తగ్గుతుంది. అందరూ పెట్టిస్తే అందరికీ వోల్టేజి మెరుగవుతుంది.
* ఆటో స్టార్టర్లు తీసేయండి. కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే, ఒక్కోటి మామూలు కన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజి కూలిపోతుంది.
* వైండింగు రెసిస్టెన్స్‌ను కరెంటు తీసేసి మెకానిక్‌తోనే చూపించండి. రెండేసి తీగల మధ్య చూసిన మూడు కొలతలూ సమానంగా రావాలి.

తడి చేతులతో స్టార్టరు డబ్బా తెరవకండి. ఫ్యూజు పోతే లైన్‌మన్‌ను పిలవండి. మోటరు బాగున్న రోజున మీటర్లు చూపే వోల్టులు, ఆంపియర్లు డబ్బా మూత మీద రాసి పెట్టుకోండి. ఆంపియర్లు ఆ అంకె దాటిన రోజు మోటరు ఆపి, కారణం వెతకండి.