మాడు మీదుగా మెదడు పరిశీలన: నెలలు నిండని శిశువుల్లో రక్తస్రావం – అల్ట్రాసౌండ్ అధ్యయనంలో కాల సమస్య

నెలలు నిండకుండా, ముఖ్యంగా 32 వారాలలోపు జన్మించిన శిశువుల మెదడులో రక్తస్రావం సాధారణంగా జెర్మినల్ మ్యాట్రిక్స్ అనే కణజాలంలో మొదలవుతుంది. గర్భస్థ దశలో మెదడు కణాలకు పుట్టినిల్లయిన ఈ పొర, ద్రవంతో నిండిన వెంట్రికిల్స్ అంచున ఉంటుంది. దీనిలోని రక్తనాళాల గోడలు అతి పలుచన. మెదడుకు రక్తప్రసరణ ఒక్కసారిగా హెచ్చుతగ్గులకు లోనైతే అవి చిట్లుతాయి. సుమారు 34 వారాలకు ఈ పొర చాలావరకు అంతరిస్తుంది కనుక నిండు నెలల బిడ్డల్లో ఈ తరహా రక్తస్రావం అరుదు.

తలకు ఆముదం అద్దే మాడు భాగంలో ఎముక ఇంకా కూడుకొని ఉండదు. ధ్వని తరంగాలకు అదే ద్వారం. బిడ్డను ఇంక్యుబేటర్ నుంచి కదల్చకుండా, రేడియేషన్ లేకుండా పరీక్షించవచ్చు. నేటికీ వాడుకలో ఉన్న పాపిలె వర్గీకరణ మాత్రం 1978లో సీటీ స్కాన్ల ఆధారంగా రూపొందింది. మొదటి తరగతిలో రక్తం ఆ పొరకే పరిమితం; రెండవదానిలో వెంట్రికిల్‌లోకి చేరుతుంది; మూడవదానిలో వెంట్రికిల్ ఉబ్బుతుంది; నాలుగవదానిలో మెదడు కణజాలమే దెబ్బతింటుంది. వీటిని వరుస మెట్లుగా బోధించడం సరికాదు. నాలుగవది చాలావరకు సిరల్లో ప్రవాహం అడ్డగింపబడి కలిగే వేరొక గాయమని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

అసలు చిక్కు కాలానికి సంబంధించినది. రక్తస్రావాల్లో అత్యధికం మొదటి 72 గంటల్లోనే జరుగుతాయి. శంకర్‌పల్లి మండలంలోని జన్వాడ పరిసరాల్లో పుట్టిన బిడ్డను హైదరాబాద్‌లోని నిలోఫర్ ఆసుపత్రికి తరలించారనుకుందాం. అయిదవ రోజు తొలి స్కాన్‌లో రక్తం కనిపిస్తే, అది ప్రయాణానికి ముందే జరిగిందా, దారిలోనా, చేరిన తరువాతా? ఆ చిత్రం చెప్పలేదు. వేరేచోట పుట్టి తరలివచ్చిన శిశువుల్లో రక్తస్రావం ఎక్కువన్నది పలు దేశాల్లో గమనించిన విషయమే. అయితే అందుకు ప్రయాణం కారణమా, ప్రసవానికి ముందు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అందకపోవడం కారణమా అన్నది ఒక్క స్కాన్‌తో విడదీయలేము.

కనుక బయలుదేరే ముందు ఒకటి, చేరిన వెంటనే ఒకటి స్కాన్లు అవసరం. ఇక్కడ చట్టం ఎదురవుతుంది. లింగనిర్ధారణను అరికట్టే 1994 చట్టం కింద 2012లో చేసిన నియమాల సవరణ ప్రకారం, పోర్టబుల్ యంత్రాన్ని నమోదైన ప్రాంగణంలోని ఇన్‌పేషెంట్లకు, లేదా ఇతర వైద్యసేవలు కూడా అందించే సంచార వైద్య వాహనంలో భాగంగా మాత్రమే వాడాలి. ఈ నిబంధన అవసరమైనదే. పరిశోధకుడే తన ప్రణాళికను దీనికి అనుగుణంగా మలచుకోవాలి. అంటే రెండు చోట్ల రెండు యంత్రాలు, ఇద్దరు పరీక్షకులు. అప్పుడు తేడా బిడ్డలోనిదా, చూసిన కంటిదా అన్న సందేహం తప్పదు. అందువల్ల శిశువు వివరాలు తెలియని ఇద్దరు నిపుణులు చిత్రాలన్నిటినీ విడివిడిగా చదివి, వారి ఏకాభిప్రాయ స్థాయిని లెక్కించి ప్రకటించాలి.

మాడు నుంచి చిన్నమెదడు స్పష్టంగా కనిపించదు. చెవి వెనుక ఉన్న మాస్టాయిడ్ ద్వారం నుంచి కూడా చూడాలి. తెల్లపదార్థపు గాయాలు నాలుగు నుంచి ఆరు వారాలకు గానీ బయటపడకపోవచ్చు. సూక్ష్మమైనవి ఎంఆర్‌ఐకే చిక్కుతాయి. ప్రతి చిత్రం పక్కన పుట్టిన గంట, బయలుదేరిన గంట, స్కాన్ తీసిన గంట నమోదు కావాలి. రోజుల లెక్క ఈ అధ్యయనానికి చాలదు.