లోయ మునిగింది, విజయపురి కొండెక్కింది

నాగార్జునసాగర్ జలాశయం నడుమ ఇప్పుడు దీవిగా మిగిలిన నాగార్జునకొండ, 1960ల దాకా ఒక లోయలో నిలిచిన కొండ. ఆ లోయకు మూడు వైపులా నల్లమల కొండల వరుసలు, నాలుగో వైపు కృష్ణానది. విస్తీర్ణం సుమారు 23 చదరపు కిలోమీటర్లు. పాత గుంటూరు జిల్లాలో, ఇప్పటి పల్నాడు జిల్లాలో మాచర్లకు దగ్గరగా ఉన్న ఈ చోటు శత్రువులకు అంత తేలిగ్గా చిక్కేది కాదు. నీటికి కరువు లేదు. చుట్టుపక్కల చెక్కడానికి అనువైన సున్నపురాయి దొరికేది. రాతియుగపు మనుషులు మొదలుకొని మధ్యయుగపు కోటలు కట్టించిన పాలకుల వరకు తరతరాల వాళ్లు ఇక్కడ నివసించడానికి కారణం ఇదే.

ఈ లోయకు వైభవం వచ్చింది క్రీ.శ. 3వ శతాబ్దంలో. శాతవాహనుల తర్వాత కృష్ణా దిగువ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకులు ఇక్కడ విజయపురిని రాజధానిగా చేసుకున్నారు. శాంతమూలుడు, అతని కొడుకు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల శాంతమూలుడు, ఆ తర్వాత రుద్రపురుషదత్తుడు వరుసగా రాజ్యం చేశారు. వీళ్ల చరిత్రలో ఎక్కువ భాగం ఇక్కడి రాతి శాసనాల నుంచే తెలిసింది. ఆ శాసనాల్లో ఈ ప్రాంతం పేరు శ్రీపర్వతం, విజయపురి అని ఉంటుంది. మహాయాన తత్త్వవేత్త ఆచార్య నాగార్జునుడు ఇక్కడ ఉన్నాడన్నది సంప్రదాయంగా వస్తున్న మాట. కొండకు ఆయన పేరు రావడం తర్వాతి కాలపు సంగతి.

శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదిక మతాభిమాని. అతని ఇంటి ఆడవాళ్లు మాత్రం బౌద్ధానికి పెద్ద దాతలు. లోయలోని ప్రధాన స్తూపమైన మహాచైత్యాన్ని వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో కట్టించింది శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ. వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్లను పెళ్లాడాడనీ, ఆ రాణులు కూడా దానాలు చేశారనీ శాసనాలు చెబుతున్నాయి. తెలుగునాట నేటికీ వినిపించే మేనరికానికి ఇది చాలా పాత ఆధారం. వీరపురుషదత్తుడి భార్య భట్టిదేవ ఒక విహారాన్ని, వనవాసి రాజును పెళ్లాడిన అతని కూతురు కోడబలిశ్రీ మరో విహారాన్ని వేర్వేరు బౌద్ధ శాఖల భిక్షువులకు ఇచ్చారు. దాతలంతా రాజకుటుంబీకులే కాదు. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ థేరవాదుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ భిక్షువులు కాశ్మీరం, గాంధారం, చీనా వంటి దేశాల్లో ధర్మాన్ని ప్రచారం చేశారని ఆమె శాసనం పేర్కొంటుంది. లోయలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. స్తంభాల మీద శక సైనికుల వేషంలో ఉన్న బొమ్మలున్నాయి. నల్లమల మధ్య దాగిన ఊరే అయినా విజయపురికి బయటి ప్రపంచంతో రాకపోకలు బాగానే ఉండేవని దీన్నిబట్టి తెలుస్తుంది.

విజయపురి ఒక్క మతానిదే అయిన పట్టణం కాదు. స్తూపాలు, విహారాలతో పాటు అష్టభుజస్వామికి, కార్తికేయుడికి, పుష్పభద్రస్వామికి, సర్వదేవుడికి గుళ్లు ఉండేవి. కృష్ణ ఒడ్డున రాతి మెట్ల స్నానఘట్టం ఉండేది. నాలుగు వైపులా మెట్ల వరుసలు, నడుమ దీర్ఘచతురస్రంగా ఆటస్థలం ఉన్న రంగస్థలం ఒకటి బయటపడింది. మన దేశంలో ఆ కాలానికి చెందిన ఇలాంటి కట్టడం చాలా అరుదు. రాజులు, సేనాపతులు, సైనికులు, వృత్తి పనివాళ్లు చనిపోయినప్పుడు వాళ్ల జ్ఞాపకార్థం బొమ్మలు చెక్కి నిలిపిన ఛాయాస్తంభాలు కూడా దొరికాయి. శాంతమూలుడి ఛాయాస్తంభం వీటిలో ముఖ్యమైనది.

ఇక్కడి స్తూపాల నిర్మాణంలో ఒక ప్రత్యేకత ఉంది. పునాదిని అడ్డంగా కోసి చూస్తే బండిచక్రంలా కనిపిస్తుంది. మధ్యలో కుంభం, దాని నుంచి ఇటుకతో కట్టిన ఆకులు, చుట్టూ వలయం. ఆకుల మధ్య ఖాళీల్లో మట్టి నింపేవారు. దీనితో ఇటుక కలిసొచ్చేది, కట్టడం కుంగకుండా నిలిచేది. కొన్ని స్తూపాల నడుమ ఇటుకలను స్వస్తిక ఆకారంలో పేర్చారు. స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు, ఒక్కొక్క దాని మీద అయిదేసి స్తంభాలు ఆంధ్రదేశపు స్తూపాలకు గుర్తు. శాసనాల్లో చాలా వాటిని ఈ ఆయకస్తంభాల మీదే చెక్కారు. శిల్పాల విషయానికొస్తే, లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పలనాటి సున్నపురాయి మీద బుద్ధుడి జీవిత ఘట్టాలను, జాతక కథలను మలిచారు. అమరావతిలో మొదలైన శిల్పశైలికి ఇది చివరి దశ. అన్ని విహారాల్లోనూ ఒకే రకమైన అలంకరణ ఉండదు. కొన్నింట బుద్ధ విగ్రహాన్ని పూజించారు, మరికొన్నింట శిల్పం లేని స్తూపంతోనే సరిపెట్టుకున్నారు. బౌద్ధ శాఖల మధ్య ఉన్న అభిప్రాయ భేదాలు ఆ శాఖల కట్టడాల్లో ఇలా కనిపిస్తాయి.

ఇక్ష్వాకుల తర్వాత విజయపురి ప్రాభవం తగ్గి, శిథిలాలను చెట్టూచేమా కమ్మేశాయి. లోయలో పుల్లారెడ్డిగూడెం వంటి చిన్న పల్లెలు మిగిలాయి. 1926లో మద్రాసు శాసన విభాగానికి చెందిన ఎ.ఆర్. సరస్వతి ఇక్కడికి వచ్చి స్తంభాలను, ఇటుక దిబ్బలను గుర్తించడంతో ఈ చోటు పండితుల దృష్టికి వచ్చింది. 1927 నుంచి 1931 వరకు ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ చాలా స్తూపాలను, విహారాలను తవ్వించాడు. మహాచైత్యంలో ఒకదానిలో ఒకటి పెట్టిన భరిణెల్లో చిన్న ఎముక ముక్క దొరికింది. దాన్ని సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి అప్పగించారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మరికొన్ని కట్టడాలను వెలికితీశాడు. ఇంత పని జరిగినా లోయలో చాలా భాగం అప్పటికింకా మట్టి కిందే ఉంది.

అంతలో కృష్ణానదికి అడ్డంగా భారీ ఆనకట్ట కట్టాలన్న నిర్ణయం వెలువడింది. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. నీళ్లు నిలిస్తే లోయ మొత్తం మునుగుతుంది. లక్షల ఎకరాల సాగునీటికీ, ఒక పురాతన రాజధానికీ మధ్య ఎంపికలో ప్రభుత్వం నీటి వైపే మొగ్గింది. అయితే లోయ మునిగేలోపు దాన్ని వీలైనంత చదివి దాచుకోవాలని భారత పురావస్తు శాఖ పూనుకుంది. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో వందకు పైగా చోట్ల తవ్వకాలు జరిగాయి. రాతి పనిముట్ల నుంచి బృహత్ శిలాయుగపు సమాధులు, ఇక్ష్వాకుల కోట, మధ్యయుగపు గుళ్ల వరకు లోయ చరిత్ర అంతా వరుసగా నమోదైంది. ఆనకట్ట రాకపోతే ఇంత విశాలమైన లోయను ఒక్క ఊపున తవ్వే అవసరమే కలిగేది కాదు. ఆ తొందరకు మూల్యం కూడా ఉంది. పోగైన సమాచారం విశ్లేషించి అచ్చు వేయడానికి దశాబ్దాలు పట్టింది. తవ్వకాల నివేదిక మొదటి సంపుటి 1975లో వస్తే, చారిత్రక యుగానికి సంబంధించిన రెండో సంపుటి 2006లో వెలువడింది.

తవ్విన ప్రతి కట్టడాన్నీ కాపాడటం సాధ్యం కాలేదు. తొమ్మిదింటిని ఎంచి నీటిమట్టానికి పైన తిరిగి కట్టారు. మరో పద్నాలుగింటికి నమూనాలు తయారు చేశారు. ఇవి కొండ మీదా, జలాశయం ఒడ్డున అనుపులోనూ ఉన్నాయి. మహాచైత్యం, స్నానఘట్టం, ఒక బృహత్ శిలాయుగపు సమాధి కొండ మీదికి చేరాయి. రంగస్థలం అనుపుకు వెళ్లింది. ఇటువంటి తరలింపులో కట్టడం కొలతలు, ఫొటోలు, ప్లాన్‌లు ముందే సిద్ధం చేసుకుని, విప్పిన రాళ్లను అదే క్రమంలో మళ్లీ పేర్చాలి. రాయికి రాయి సరిపోయినా, ఉన్న చోటు మాత్రం మారిపోతుంది. నది అంచున ఉండాల్సిన స్నానఘట్టం కొండెక్కి కూర్చుంది. కోటకు విహారం ఎంత దూరం, ఏ గుడి ఏటికి ఎంత దగ్గర, ఏ శాఖ భిక్షువులు ఊరికి ఎంత ఎడంగా బతికారు అన్నవి ఇప్పుడు నేల మీద కనిపించవు. అవి తవ్వకాల పటాల్లోనే మిగిలాయి.

ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకున్నా, నాగార్జునకొండకు ఒక మేలు జరిగింది. అమరావతి స్తూపపు శిల్పాలు 19వ శతాబ్దంలో చెన్నైకి, లండన్‌కు తరలిపోయాయి. నాగార్జునకొండ శిల్పాలు కొన్ని ఢిల్లీ వంటి చోట్లకు వెళ్లినా, అత్యధిక భాగం కొండ మీది మ్యూజియంలోనే ఉన్నాయి. అంటే, దొరికిన వస్తువులను దొరికిన లోయకు ఎదురుగానే చూసే వీలు ఇంకా ఉంది. తరలింపు అనుభవం తర్వాతి కాలానికీ పనికొచ్చింది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. అన్నిటికీ అంత అదృష్టం పట్టలేదు. అదే ప్రాజెక్టులో మునిగే రూపాల సంగమేశ్వరం వేసవిలో నీళ్లు తగ్గినప్పుడే బయటపడుతుంది. నాగార్జునసాగర్‌లోనే ఎదురు ఒడ్డున ఉన్న ఏలేశ్వరంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఆ తర్వాత ఆ ఊరూ మునిగిపోయింది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతో పంటలు పండిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ నీళ్ల కోసం ఇల్లూవాకిలీ వదులుకుని కదిలిన లోయ పల్లెల కథ కూడా ఈ వారసత్వంలో భాగమే.

కొండ చూడటానికి విజయపురి సౌత్ రేవు నుంచి లాంచీలు నడుస్తాయి. ప్రాజెక్టు కట్టినప్పుడు వెలసిన కాలనీలకు పాత రాజధాని పేరే పెట్టారు. లాంచీ దిగగానే స్తూపాల దగ్గరికి వెళ్లేకంటే ముందు మ్యూజియం చూడటం మంచిది. అక్కడ మునిగిన లోయ నమూనా ఉంది. ఏ కట్టడం ఎక్కడ ఉండేదో అందులో గుర్తు పెట్టుకుని బయటికి వస్తే, కొండ మీద పక్కపక్కన కనిపించే స్తూపం, స్నానఘట్టం, సమాధి వేర్వేరు కాలాలకు, వేర్వేరు చోట్లకు చెందినవని తెలుస్తుంది. ఆయకస్తంభాల మీది శాసనాల వల్ల దాతలెవరో, ఛాయాస్తంభాల వల్ల ఊరివాళ్లెవరో తెలుస్తుంది. తర్వాత అనుపుకు వెళ్లి రంగస్థలం చూస్తే పట్టణ జీవితం గురించి కొంత ఊహ వస్తుంది. ఎదురు ఒడ్డున తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రారంభించిన బుద్ధవనం కృష్ణా లోయ బౌద్ధ కళ గురించి కొత్తగా తెలుసుకునే వారికి పరిచయంగా ఉపయోగపడుతుంది. అసలు రాళ్లు, అసలు శాసనాలు మాత్రం కొండ మీదే ఉన్నాయి.