మీటరు సరిగానే ఉన్నా సంకేతం ఎందుకు చేరదు? నిలువు యాంటెన్నాలో నేల పాత్ర

అమెచ్యూర్ రేడియోలో కొత్తగా అడుగుపెట్టినవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. పెరట్లో పది మీటర్ల అల్యూమినియం గొట్టాన్ని నిలబెట్టి, అడుగున కేబుల్ కలిపి ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తారు. స్టాండింగ్ వేవ్ రేషియో, అంటే ఎస్‌డబ్ల్యూఆర్, సరిగ్గా 1 వద్ద నిలుస్తుంది. ఇంతకంటే మంచి రీడింగ్ ఉండదు. అయినా ఎంత పిలిచినా దూర కేంద్రాల నుంచి జవాబు రాదు. మీటరు 1.3 చూపుతున్న పొరుగూరి హ్యామ్ మాత్రం అదే శక్తితో హాయిగా సంభాషిస్తుంటాడు. మీటరు అబద్ధం చెప్పలేదు. అది చెప్పని సంగతి ఒకటి ఉంది.

ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు. 2004 డిసెంబర్ 26న సునామీ అండమాన్ నికోబార్ దీవుల సమాచార వ్యవస్థను దెబ్బతీసినప్పుడు, అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం హ్యామ్ రేడియో ద్వారానే ప్రధాన భూభాగానికి సమాచారం చేరవేశారు. కరెంటు లేక బ్యాటరీపై ఆధారపడే అలాంటి వేళల్లో ప్రతి వాటూ విలువైనదే. ఒకే ఒక్క ఆధారంతో, కొద్దిపాటి స్థలంలో నిలిచే నిలువు యాంటెన్నా అప్పుడు ఎంతో అనుకూలం. అయితే దానికి పంపిన శక్తి ఎటు పోతున్నదో తెలిసి ఉండాలి.

ట్రాన్స్‌మిటర్లు, కోయాక్సియల్ కేబుళ్లు సాధారణంగా 50 ఓమ్‌ల ఇంపీడెన్స్‌కు అనుగుణంగా తయారవుతాయి. అధిక పౌనఃపున్య విద్యుత్తుకు ఎదురయ్యే మొత్తం అడ్డంకినే ఇంపీడెన్స్ అంటారు. కేబుల్ చివర కూడా 50 ఓమ్‌లే ఉంటే పంపిన శక్తి అంతా అక్కడ స్వీకృతమవుతుంది. తేడా ఉంటే కొంత వెనుకకు మళ్లుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 3 ఉంటే అలా మళ్లేది 25 శాతం, 2 ఉంటే 11 శాతం. 1.4 వద్ద అది మూడు శాతానికి కూడా చేరదు. కాబట్టి 1.4ను చూసి నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు.

ఇప్పుడు 7.1 మెగాహెర్ట్జ్‌ను తీసుకుందాం. ఇక్కడ తరంగదైర్ఘ్యం సుమారు 42 మీటర్లు. అందులో నాలుగో వంతు, కొద్దిగా తగ్గిస్తే, దాదాపు పది మీటర్లు. ఆదర్శవంతమైన వాహక తలంపై నిలిపిన ఈ గొట్టం అడుగున కనిపించే నిరోధం సుమారు 36 ఓమ్‌లు. దీనిని వికిరణ నిరోధం అంటారు. ఇందులోకి వెళ్లిన శక్తి తరంగాలుగా బయటికి వెళుతుంది. కానీ పెరటి మట్టి ఆదర్శ వాహకం కాదు. గొట్టంలో ప్రవహించిన విద్యుత్తు నేల గుండా తిరిగి రావాలి. ఆ దారిలో మట్టి తన వంతు నష్టాన్ని జోడిస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. నేల నష్టం 14 ఓమ్‌లు అనుకుంటే మొత్తం సరిగ్గా 50 అవుతుంది. మీటరు 1 చూపుతుంది. నిజానికి 100 వాట్లలో 72 మాత్రమే ఆకాశంలోకి వెళతాయి. మిగిలిన 28 వానపాములకు వెచ్చదనం కలిగిస్తాయి. యాంటెన్నా చుట్టూ నేలపై మరిన్ని రాగి తీగలు పరిచి ఆ నష్టాన్ని 4 ఓమ్‌లకు తగ్గిస్తే మొత్తం 40 ఓమ్‌లవుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 1.25కు పెరుగుతుంది. మీటరు ప్రకారం పరిస్థితి దిగజారింది. సామర్థ్యం మాత్రం 90 శాతానికి చేరింది. పొరుగూరి హ్యామ్ రహస్యం ఇదే. తరంగమన్నదే పంపకుండా శక్తినంతా వేడిగా మార్చే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ కూడా ఎస్‌డబ్ల్యూఆర్ 1 చూపుతుందని గుర్తుంచుకోవాలి.

రేడియల్స్ అని పిలిచే ఈ తీగల ప్రాధాన్యాన్ని అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థకు చెందిన బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ 1937లోనే కొలతలతో నిరూపించారు. మీడియం వేవ్ ప్రసార స్తంభాల చుట్టూ 120 తీగలు పాతిపెట్టే ఆనవాయితీకి వారి పరిశోధనే ఆధారం. హ్యామ్‌కు అన్ని అవసరం లేదు. పదహారు నుంచి ముప్పై రెండు తీగలతో ప్రయోజనంలో అధిక భాగం దక్కుతుంది. నేలపై పరిచినవి కచ్చితమైన పొడవులో ఉండనక్కరలేదు. నేలకు ఎత్తులో కట్టే పద్ధతిలో నాలుగు పావు తరంగ తీగలే సరిపోతాయి. వాటిని 45 డిగ్రీల వాలుతో దించితే ఇంపీడెన్స్ కూడా 50కి దగ్గరవుతుంది. అయితే ఆ తీగల కొసల వద్ద వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి పిల్లల చేతికి అందనివ్వరాదు.

నేల పని ముగిశాకే సరిపోల్చే పని మొదలుపెట్టాలి. దానికి సులువైన ఉపాయం ఉంది. గొట్టాన్ని కొద్దిగా పొట్టి చేస్తే దాని ఇంపీడెన్స్‌లో కెపాసిటర్ గుణం చేరుతుంది. అది సుమారు 22 ఓమ్‌లకు వచ్చాక, గొట్టం అడుగుకూ రేడియల్స్‌కూ మధ్య 1.8 మైక్రోహెన్రీల కాయిల్ కలిపితే 36 ఓమ్‌లు కేబుల్‌కు 50గా కనిపిస్తాయి. అయిదు సెంటీమీటర్ల వ్యాసంతో, అంతే పొడవులో మందపాటి రాగి తీగను ఏడు చుట్లు చుడితే దాదాపు ఆ విలువ వస్తుంది. చుట్లను సాగదీసి, దగ్గరకు నొక్కి సవరించుకోవచ్చు. గొట్టంపై పేరుకునే స్థిర విద్యుత్తు నేలకు దిగిపోవడానికీ ఈ కాయిల్ దారి ఇస్తుంది.

స్థలం లేక అయిదు మీటర్లతో సరిపెట్టుకునేవారి కష్టం వేరు. అక్కడ వికిరణ నిరోధం ఆరు ఓమ్‌ల స్థాయికి పడిపోతుంది. నేల నష్టం 14, కాయిల్ నష్టం 5 అనుకుంటే శక్తిలో పావు వంతు కూడా బయటికి వెళ్లదు. మ్యాచింగ్ సర్క్యూట్ మీటరును మెప్పిస్తుందే తప్ప ఈ లెక్కను మార్చలేదు. కాయిల్‌ను గొట్టం మధ్యకు జరపడం, పైకొసన గొడుగు ఊచల్లా తీగలు అమర్చడం ఇక్కడ నిజంగా ఉపకరిస్తాయి.

ఇంట్లో బల్లపై పెట్టే ట్యూనర్ గురించి కూడా ఒక అపోహ ఉంది. అది ట్రాన్స్‌మిటర్‌కు 50 ఓమ్‌లు చూపుతుంది, కానీ దాని తరవాతి కేబుల్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ యథాతథంగా ఉంటుంది. అదే పది మీటర్ల గొట్టాన్ని 14 మెగాహెర్ట్జ్‌పై వాడితే అది అర్ధ తరంగమై, అడుగున ఇంపీడెన్స్ వేల ఓమ్‌లకు చేరుతుంది. అప్పుడు పొడవైన కేబుల్ శక్తిని చాలావరకు మింగేస్తుంది. సరిపోల్చే పరికరం యాంటెన్నా పాదం వద్ద ఉండటమే మేలు.

యాంటెన్నా అనలైజర్ గానీ నానోవీఎన్‌ఏ గానీ ఉంటే ఎస్‌డబ్ల్యూఆర్‌తో ఆగకుండా గొట్టం అడుగున నిరోధం విలువను విడిగా చూడాలి. నాలుగేసి రేడియల్స్ చేర్చుతూ ప్రతిసారీ ఆ విలువను రాసుకుంటే అది క్రమంగా తగ్గుతూ వస్తుంది. ఇక తగ్గనప్పుడు తీగలు పరచడం ఆపి కాయిల్ చుట్టుకోవచ్చు. ఎండాకాలంలో తీసుకున్న రీడింగ్ తొలి వానలకే బాగా మారిపోతే మాత్రం రేడియల్స్ ఇంకా చాలలేదని అర్థం.