మాట దాటిన యేఱు



గౌతమీతీరమునందలి మా కపిలేశ్వరపురమున సాయంకాలము గట్టుపై నిలిచి చూచినచో, నది నడిమి లంకలును ఆవలి యొడ్డును కన్నులకు సమీపముగనే తోచును. ఆవలికి బిడ్డనిచ్చిన తల్లి నేడు సెల్‌ఫోనులో కూతురి కుశలమును క్షణములో తెలిసికొనుచున్నది. కాని ఆ కూతురికి నొప్పులు వచ్చినవని విన్న రాత్రి ఆమె తక్షణమే పోగలదా? ఏఱు పొంగిన దినములలో పడవ కదలదు. మాట దాటిన యేటిని మనిషి దాటలేకున్నది. దీనిని గూర్చియే యిచట ముచ్చటింపదలచితిమి.

1882లో మదరాసు, కలకత్తా, బొంబాయి నగరములందు టెలిఫోను ఎక్స్చేంజీలు నెలకొన్నవి. పల్లెలకు మాత్రము చిరకాలము తంతియే గతి. తంతి వచ్చినదన్నంతనే ఇంటిల్లిపాదికిని గుండె జల్లుమనెడిది. విప్పి చదువకమునుపే పెద్దవారు కన్నీరు పెట్టుకొనెడివారు. 1995 జూలై 31న మన దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ జరిగినది. 2013 జూలైలో తంతియే అంతరించినది. నేటి మాటకు గాలియే బాట. ఏఱు దాని కడ్డు గాదు.

మనిషి బాట యట్లు గాదు. కాటన్ దొర ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట కాలువలే యీ సీమకు రహదారులైనవి. ధాన్యపు బస్తాలును, పెండ్లివారును పడవలపైననే పోయెడివారు. 1928లో కాకినాడనుండి కోటిపల్లికి రైలు వచ్చినది. 1940లో యుద్ధావసరములకై ఆ పట్టాలను పెఱికికొనిపోయిరి. తిరిగి రైలు నడచుటకు 2004 వఱకు, అనగా అఱువదినాలుగేండ్లు పట్టినది. ఆ రైలెక్కిన బాలికలు అవ్వలైరి. కోటిపల్లినుండి గోదావరి పాయలను దాటి నరసాపురము చేరవలసిన మార్గము 2000-01లో మంజూరైనను 2024 నాటికి పూర్తికాలేదు.

రహదారి వంతెనలు లేకపోలేదు. ఎగువను జొన్నాడ, రావులపాలెముల నడుమ నొకటి. దిగువను యానాము, యెదుర్లంకల నడుమ బాలయోగిగారి పేర నొకటి. పడవ కాదన్నచో వీనిలో నొకదానికి చుట్టి పోవలసినదే. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా యేర్పడి మా మండలము అందు చేరినపుడు, జిల్లా కేంద్రమగు అమలాపురము ఆవలి వైపుననే యుండెను. ఆ జూలైలోనే గోదావరి పొంగి లంకలను ముంచినది.

రామకథలో హనుమంతుడు సముద్రమును లంఘించి, ఉంగరముతోపాటు రాముని మాటను సీతమ్మకు చేర్చెను. ఆ మాట ఆమె ప్రాణములను నిలిపినది. అయినను ఆమె చెఱ వీడుటకు సేతువు కట్టవలసియే వచ్చినది. వార్త ధైర్యమునిచ్చును గాని మనిషిని తేజాలదు. ఫోను వచ్చినది గదా యని వంతెనను మఱచుట, హనుమంతుని రాకతోనే కథ ముగిసినదనుట వంటిది.

కావున మనము చేయదగినవి రెండు. నెలలు నిండిన యింటి ఆడుబిడ్డను వరద రాకమునుపే ఆసుపత్రి యున్న యూరికి చేర్చుకొందము. 108 బండికి ఫోను చేసినను అది గట్టువఱకే రాగలదని మఱవవలదు. గ్రామసభలందు మగవారు పంటధరల మాట యెత్తినపుడు, మనము రేవు మాటయు, వంతెన మాటయు నెత్తుదము. కూతురి పిలుపు విన్న రాత్రియే తల్లి ఆమె మంచముకడ కూర్చుండగలిగినచో, అపుడు దేశము నిజముగ ముందుకు సాగినదని మేము నమ్ముదుము.